తోడల్లుడి కంప్యూటర్ వైద్యం

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వైరస్ హెచ్చరిక ఒకటి వచ్చి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోగా దానంతటదే పోయింది. నాకు కొంచెం ఈర్ష్య కలిగింది. ఎందుకంటే అప్పట్లో ఎడారి దేశంలో, అబ్బాసియా ఫ్లాట్‌లో మా మొదటి కంప్యూటర్‌కి వైరస్ పట్టినప్పుడు నేను చేసిన వైద్యం, దానికి దుప్పటి కప్పడం. ఇసుక గాలి లోపలికి పోయి అలా అయిందని నా గట్టి నమ్మకం. పైగా తెరుచుకోని ఫోల్డర్ల మీద కసిగా క్లిక్ చేశాను. వైరస్‌ని నిద్రలేపేది ఆ క్లిక్కేనట. అంటే, తలుపు తట్టి మరీ పిలిచానన్నమాట.

ఆ ఫోల్డర్లలో ఉన్నవి అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోలు. ఇంకెక్కడా కాపీ లేదు. అమలాపురంలో మా అత్తగారు మనవరాలిని అప్పటికింకా చూడలేదు. ఊరెళ్ళేవాళ్ళ చేత సీడీ పంపిస్తానని మా ఆవిడ మాటిచ్చేసింది.

వైద్యానికి మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, వచ్చేవారు. అక్కడే షుఐబాలో ఓ కంపెనీ స్టోర్‌కీపర్, సెలవురోజు శుక్రవారం మాత్రం కంప్యూటర్ డాక్టర్. మెడలో పెన్‌డ్రైవ్‌ని స్టెతస్కోప్‌లా వేలాడేసుకుని సరిగ్గా భోజనాల వేళకి దిగేవారు. కోడికూర, గారెలు లాగించి, వైరస్‌ని దులిపేసి, వెళ్తూ వెళ్తూ ఆ పెన్‌డ్రైవ్‌లోంచి ఓ కొత్త సినిమా ఎక్కించి పోయేవారు. చుట్టం ప్రేమగా తెచ్చింది వద్దనడం మా గోదావరి వాళ్ళకి చేతకాదు. శనివారానికి వైరస్ మళ్ళీ హాజరు.

చివరికి ఓ శుక్రవారం ఆయన చేతులెత్తేశారు. “ఇంక లాభం లేదు తమ్ముడూ. ఫార్మాట్ కొట్టేద్దాం. మొత్తం ఖలాస్!”

“మరి ఫొటోలండీ?”

“అవీ ఖలాసే.”

మా ఆవిడ గరిటెతో సహా వచ్చి కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది. “బావగారండీ, ఆమధ్య మీరు సినిమా ఎక్కించకుండానే డ్యూటీకి పరిగెత్తారు, గుర్తుందా? ఆ వారం మాత్రం ఇది రాలేదండి. ముందు మీ మెళ్ళో దానికి చెయ్యండి పరీక్ష.”

“ఎహె, డాక్టరుకే పరీక్షలేంటమ్మా!” అని నవ్వుతూనే పెన్‌డ్రైవ్‌ని పరీక్షకి పెట్టారు. ముందు తెర ఎర్రబడింది, తర్వాత ఆయన మొహం. కాఫీ ఇచ్చినా తాగకుండా చాలాసేపు కంప్యూటర్‌లో ఏవేవో తెరిచి, మూసి, చివరికి ఎక్కడో ఓ టిక్కు పెట్టారు. ఒక్కసారిగా తెరంతా మా అమ్మాయి, మూతినిండా కేకు పూసుకుని. “పోలేదు తమ్ముడూ, దాక్కున్నాయంతే” అన్నారు నెమ్మదిగా. మా ఆవిడ గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

వైరస్‌తో కాపురం చెయ్యలేం, చుట్టంతో వైరమూ పెట్టుకోలేం. అందుకని మరుసటి శుక్రవారం ఆయన విస్తట్లో మిరియాల చారు, నూనె చూపించని బీరకాయ వడ్డించాం.

“ఇదేంటి తమ్ముడూ?”

“పథ్యమండీ. అంటుకున్నది తగ్గొద్దూ?”

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు ఆగలేదు. ఆయన విస్తరి ఖాళీ చేసే లేచారు.

ఇప్పుడు, వయసు మీదపడ్డాక, నాకూ ఆయనకీ అసలు డాక్టరు రాసిచ్చింది ఆ భోజనమే. కాలం పగ తీర్చుకునేటప్పుడు ఎవరు అంటించారు, ఎవరికి అంటుకుంది అని అడగదు. ఇద్దర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డిస్తుంది.