ఎవరి వాక్యం వాళ్ళదే

సోషియాలజీ మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. పాఠం చెప్పమంటే చెప్పరు, జరిపిస్తారు. నిర్వచనం అనే మాట వింటేనే ఆయనకి ఒళ్ళు మంట. అది పుస్తకంలో ఉంటుంది, దాన్ని అక్కడే పడుకోనివ్వండని చెప్పి, మొదటి సంవత్సరం పిల్లలందర్నీ వీధిలోకి తోలేవారు.

అనుకరణ అంటే ఏమిటని ఎవరో అడిగిన పాపానికి క్లాసు మొత్తాన్ని బ్యాంకుకి తీసుకెళ్ళారు. క్యూలో ఓపిగ్గా నిలబడి, తీరా తన వంతు రాగానే గిరుక్కున తిరిగి చివరికి వెళ్ళిపోయారు. వెనకాయన ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని ఆయన వెంటే నడిచాడు. ఆ వెనకావిడ ఈయన వెంట. కాసేపటికి కౌంటర్ ముందు నరపురుగు లేదు. క్యాషియర్ కిటికీలోంచి తొంగిచూసి, తనవల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని దీనంగా అడిగాడు.

అంతస్తు, పాత్ర అనే పాఠం నాడు మాస్టారు బెంచీ మీద కూర్చుని, క్లాసులో రేడియో అని పేరుపడ్డ వాగుడుకాయ కుర్రాణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన ప్రిన్సిపాల్‌ని రేడియో ఆలస్యానికి మందలించి, వెనక బెంచీకి పొమ్మన్నాడు. ఆయన వెళ్ళి కూర్చున్నారు కూడా.

ఇంట్లోనూ ఇదే వరస. ఓ సాయంత్రం సొంత ఇంటి తలుపు అతిథిలా తట్టి, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అని వినయంగా అడిగారు. భార్య నీళ్ళిచ్చి, "మావారు ఇంట్లో లేరండి, ఆయన ఉన్నప్పుడు రండి" అని తలుపేసుకుంది.

తలుపు పక్క బెంచీలో కూర్చునే అమ్మాయికి ఇవన్నీ చూస్తే నవ్వొచ్చేది గాని, నవ్వి ఊరుకోగల పరిస్థితి కాదు ఆమెది. ఆమెకి నత్తి. ఏడాది చివర, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు నిలబడి సెమినార్ ఇస్తేనే పాసు. ఇంట్లో ఆమె మొదలుపెట్టిన ప్రతి వాక్యాన్నీ అన్నయ్య ప్రేమగా పూర్తిచేసేవాడు. కిటికీ వెయ్యమనబోతే ఫ్యాను వేసేవాడు. నోరు విప్పే పని లేని దూరవిద్యకి మారిపొమ్మని అప్లికేషన్ తెచ్చిపెట్టిందీ అతనే. ఇక్కడే చదువుతానని, అతను మధ్యలో దూరబోతే చెయ్యి అడ్డం పెట్టి మరీ చెప్పింది.

సామాజిక కట్టుబాటు పాఠం వచ్చేసరికి మాస్టారు కొత్త చట్టం తెచ్చారు. ఈ గదిలో ఒకరి మాట పూర్తయ్యాక, నిండుగా ఒక ఊపిరి తీసుకుని గాని ఇంకొకరు నోరు తెరవకూడదు. ఎవరి వాక్యం వాళ్ళే ముగించుకోవాలి. పక్కవాళ్ళకి మాట అందించినవాళ్ళు గంట కొట్టేదాకా నిలబడాలి. మొదటి వారమంతా రేడియో కూర్చున్న పాపాన పోలేదు. మాస్టారు కూడా ఓసారి నోరుజారి అందించేశారు. తాను ఎలాగూ నిలబడే ఉన్నారు కాబట్టి, శిక్ష చాలదని ఒంటికాలి మీద పాఠం కానిచ్చారు.

పాఠం అయిపోయింది, చట్టం మాత్రం పోలేదు. పైగా, పై తరగతి వాళ్ళకి అసలీ చట్టమే లేదట. ఆ సంగతి తెలిసిన రోజే ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వెళ్ళింది, తన మీద జాలిపడి పెట్టిన రూలైతే తీసెయ్యమని చెప్పడానికి. చెప్పడానికి చాలాసేపే పట్టింది. మధ్యలో గంట మోగింది, టీ చల్లారి మీగడ కట్టింది. మాస్టారు కదల్లేదు. ఆమె ముగించాక నిండుగా ఊపిరి తీసుకున్నారు.

"జాలైతే నిన్నే మార్చమని ఏ డాక్టరు దగ్గరికో పంపేవాణ్ణమ్మా. ఒక్కర్ని మార్చడం మన సబ్జెక్టు కాదు. నలుగుర్ని మార్చడం మన సబ్జెక్టు. వాళ్ళకి వినడం రాదు, నేర్పుతున్నాను. నాకు జీతం ఇచ్చేదే అందుకు."

"నే... నేర్చుకోకపోతే?"

"నిలబడతారు."

సెమినార్‌కి వచ్చిన ఎగ్జామినర్ రైలు అందుకోవాలన్న తొందరలో ఉన్నారు. ఆ అమ్మాయి అంశం సాంఘికీకరణ, అంటే పుట్టిన పిల్ల నలుగురిని చూసి నలుగురిలో మనిషిగా తయారవడం. మొదటి వాక్యంలోనే ఆ మాట గొంతులో ఇరుక్కుంది. గది గదంతా కదలకుండా కూర్చుంది. ఎగ్జామినర్ వాచీ చూసుకుని, మంచి మనసుతోనే, "సాంఘికీకరణ. ఊఁ, కానియ్యమ్మా" అన్నారు.

తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. రేడియో నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

"సార్, తమరు నిలబడాలండి."

ఆయన మాస్టారి వైపు చూశారు. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదన్నట్టు మాస్టారు కిటికీలోంచి ఎటో చూస్తున్నారు. అన్ని కళ్ళూ తన మీదే ఉండేసరికి, ఎందుకో తెలియకుండానే ఎగ్జామినర్ లేచి నిలబడ్డారు.

అమ్మాయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఇరుక్కున్న మాటని తానే లాగి బయటపెట్టింది. ఆగాల్సినచోట ఆగుతూ, పుట్టిన పిల్ల ఎవర్ని చూసి ఏం నేర్చుకుంటుందో చెప్పింది. కొత్త చోటికి వచ్చిన పెద్దవాళ్ళు కూడా అక్కడి పద్ధతి ఎంత త్వరగా పట్టేస్తారో చెప్పి, ఉదాహరణకి ఎగ్జామినర్ గారినే చూపించింది. ఆయన బుద్ధిగా తలూపారు.

చివరికి ఆయన నిండుగా ఒక ఊపిరి తీసుకుని మరీ, ఇక కూర్చోవచ్చా అని అడిగారు.

ఆ అమ్మాయి కూడా తీరిగ్గా ఊపిరి తీసుకుంది.

"ఇంకా ఒక్క... ఒక్క వాక్యం ఉంది సార్."