తలుపు పక్క అరలోని కప్పు

ఊరు అనగానే మీ మనసు పొంగేది నిజంగా పుట్టిన ఊరిని తలుచుకునేనా, లేక అలా పొంగాలని ఎవరో నేర్పారా? దేశం దాటి వచ్చి స్థిరపడ్డ ఈ పార్సిప్పనీలో మా అపార్టుమెంట్ల వెనక సాయంత్రం నడకకు వచ్చే నా ఈడు వాళ్ళంతా వంతులవారీగా తమ ఊళ్ళ గొప్పలు చెప్పుకుంటారు. మొన్న ఆ వంతు నాదాకా వచ్చినప్పుడు నేను ఎస్టోనియా దేశంలో, పెయిప్సి అనే సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి సంగతి ఎత్తుకున్నాను. నాతో రోజూ నడిచే వరంగల్ మిత్రుడు ఠక్కున ఆగిపోయాడు.

"అన్నా, మేమంతా మా ఊర్లు చెప్తుంటే నువ్వు వెకేషన్ ఫొటోలు చూపిస్తున్నవేంది?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ సరస్సు నన్ను వదలలేదు. నేను పుట్టిన ఊళ్ళో మా పేట ఊరికి బయట ఉండేది. బస్టాండు దగ్గర టీ హోటల్లో మా వాళ్ళ గ్లాసులు చూరులో దోపి ఉండేవి. తాగాక కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. మా నాన్న సభల్లో గొంతు చించుకుని వాదించి వచ్చేవాడు, నాలుక పిడచగట్టుకుపోయినా ఆ హోటలు వైపు తల తిప్పకుండా మూడు మైళ్ళు నడిచి ఇంటికొచ్చి నీళ్ళు తాగేవాడు. అలాంటి ఊరిని తలుచుకుని కళ్ళు చెమర్చుకోమంటే నావల్ల కాదు.

చదువు ముగిశాక, ఎస్టోనియా కొత్తగా స్వతంత్రమైన రోజుల్లో, సరస్సు నీళ్ళు పరీక్షించే ఉద్యోగం మీద నేను అక్కడికి వెళ్ళాను. అవతలి ఒడ్డు కనబడనంత సరస్సు, దాని వెంబడే సాగిపోయే ఒకే ఒక్క వీధి, వీధికి రెండు పక్కలా చెక్క ఇళ్ళు, ప్రతి ఇంటి వెనకా మట్టిని పరుపులా ఎత్తుగా పోసి పెంచిన ఉల్లి మళ్ళు. పంట వచ్చాక ఆ ఉల్లిపాయల్ని ఆడపిల్లల జడల్లా అల్లి గుమ్మాల ముందు వేలాడదీసి అమ్మేవారు. ఇంటినుంచి పార్సిల్లో వచ్చిన గోంగూర పచ్చడిలోకి అంత తియ్యటి ఉల్లిపాయ నంజుకోవడానికి నాకు మళ్ళీ దొరకలేదు. మంచు కరిగే రోజుల్లో వలలో పడే వేలెడంత చేపలకు అచ్చం కోసిన దోసకాయ వాసన వచ్చేది, నమ్మకపోతే మీ ఇష్టం. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక, పాత లారీ ట్యూబులను చక్రాలుగా బిగించి సొంతంగా తయారు చేసుకున్న బండ్ల మీద మగవాళ్ళు మంచు మీదికి చేపలకు పోయేవారు. ఆ బండ్లు ఒకదానిలా ఒకటి ఉండేవి కావు, ఎవరి బండి వాళ్ళకు అందగత్తె.

నేను గది అద్దెకు తీసుకున్న ఇల్లు ఒక ముసలావిడది. ఆమె వాళ్ళు పాత ఆచారాలు వదలని రష్యన్ క్రైస్తవులు. ఎప్పుడో రాజూ మతపెద్దలూ ఆచారాలు మార్చమంటే మార్చం అని తిరగబడి, పారిపోయి వచ్చి ఈ ఒడ్డున బతికినవాళ్ళు. ఆ తిరుగుబాటు కథ విని నాకు ఆమె మీద ఎంతో గౌరవం కలిగింది. అది సరిగ్గా ఒక పూట నిలిచింది. టీ తాగాక ఆమె కప్పులు కడిగి, తనవి అద్దాల బీరువాలోనూ, నాది తలుపు పక్కన ఉన్న చిన్న అరలోనూ పెట్టింది. మరునాడూ అంతే. ఎవరూ నాకు వివరించి చెప్పాల్సిన పని లేదు. అంత చలిలోనూ ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో టీ ముట్టలేదు. ఆ ఊళ్ళో టీ వద్దనడం ముఖం మీద తలుపు వేసినట్టే. ఆమె రోజూ పోసేది, నేను రోజూ వద్దనేవాణ్ణి, ఇద్దరం మొండివాళ్ళమే. ఆ ఇంటిని వదలాలంటే ప్రాణం ఉసూరుమనేది, ఉండాలంటే అభిమానం అడ్డొచ్చేది. చివరికి పెట్టె సర్దుకుని, వేరే గది చూసుకున్నానని చెప్పాను. ఆమె ఎస్టోనియా వాడైన తన అల్లుణ్ణి పిలిపించింది. అతనికి ఇంగ్లీషు వచ్చు. నా కోపం కారణం విని అతను కడుపుబ్బా నవ్వాడు.

"నీకొక్కడికే అనుకున్నావా? నా కప్పూ ఆ అరలోదే. మా ఆవిడది బీరువా లోపల, నాది బయట. ఇన్నేళ్ళ కాపురంలో ఆ రెండు కప్పులూ ఒకదానికొకటి తగల్లేదు."

తమ విశ్వాసంలో లేనివాళ్ళందరికీ అదే అర అట. ఊరి డాక్టరుకీ, బడి పంతులమ్మకీ కూడా. నేను ఊరుకోలేదు. అందరినీ బయట పెట్టడం సమానత్వం అయిపోతుందా అని అడిగాను. చూరులోని గ్లాసు గురించి, మా నాన్న నడక గురించి చెప్పాను. అల్లుడు నవ్వు ఆపి ఒక్కో మాటా ఆమెకు చెప్పుకుంటూ వచ్చాడు. ఆమె అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"మరి మీ నాన్న ఆ హోటలు వాళ్ళ గ్లాసు ముట్టుకుంటే శిక్ష ఎవరికి?"

"మా నాన్నకే. కొట్టేవాళ్ళు."

"నియమం వాళ్ళదై, శిక్ష మీ నాన్నకా?" అంది ఆమె. తమలో అలా కాదట. తమవాళ్ళు పరాయివాళ్ళ కప్పులో తాగితే తప్పు తాగినవాళ్ళదే. నేలకు తల ఆనించి దండాలు పెట్టి తామే ఆ తప్పు కడుక్కోవాలి. ఆ మాట చెబుతూనే లేచి, తలుపు పక్క అరలోంచి నా కప్పు తీసి, అందులో టీ పోసుకుని, పంచదార పలుకు పళ్ళ మధ్య పెట్టుకుని, నిదానంగా చివరి చుక్క దాకా తాగింది. తర్వాత అదే కప్పు కడగకుండా నింపి నా ముందు పెట్టింది.

"దండాలు నేను పెట్టుకుంటాలే. నడుముకి మంచిదే. నువ్వు తాగు, నాయనా."

తాగాను. అంత వేడి టీ అంత త్వరగా ఎవరూ తాగి ఉండరు. పక్కనున్న అల్లుడు, "అత్తగారూ, మరి ఇన్నేళ్ళూ నా గతేమిటి?" అని దీర్ఘం తీస్తే, "నువ్వు అడిగావా?" అందామె.

ఆ చలికాలమంతా మా ముగ్గురి కప్పులూ కలిసిపోయాయి. నేను మాత్రం నా బుద్ధి పోనిచ్చుకున్నానా? ఆ దండాలు కూడా మూఢనమ్మకమేనని ఆమెతో వాదించేవాణ్ణి. నీ వాదం నువ్వు చేసుకో, టీ చల్లారుతోంది అనేది. ఆమె మీద నేను నెగ్గలేదు. ఈనాటికీ ఆమె దేవుడు నాకు అక్కర్లేదు. కానీ తన ఆచారం బరువు తన నడుం మీదే మోసిన మనిషిని మా వైపు నేను చూడలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఉల్లి మళ్ళు సగం గడ్డి పట్టాయనీ, చాలా ఇళ్ళు వేసవిలో తప్ప తెరుచుకోవనీ, సరస్సు కూడా మునుపటంత గట్టిగా గడ్డకట్టడం లేదనీ అల్లుడు చెబుతుంటాడు. మా ఊరి టీ హోటలు కూడా ఎప్పుడో పడిపోయింది. ఇన్ని మారాయి కదా అని సంతోషపడుతుండగా, పోయిన నెల ఇక్కడే ఒక గృహప్రవేశంలో చూశాను: మా అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ, పొద్దుట్నుంచీ వంట చేసిన ఆవిడకు కాగితపు కప్పులో. ఇదేమిటమ్మా అని అడిగితే, "జస్ట్ కన్వీనియెన్స్ అంకుల్, అంతకంటే ఏం లేదు," అంది ఇంటి కోడలు, ఎంతో మర్యాదగా. చూరు లేని ఇళ్ళలో కూడా చూరు కట్టుకోగలిగిన జాతి మనది.

కాబట్టి మీరు ఒక పని చేయండి. రేపు మీ ఇంటికి వంటకో, ఇల్లు తుడవడానికో వచ్చే మనిషికి మీరు తాగే గ్లాసులోనే కాఫీ పోసి ఇవ్వండి, ఎదురుగా కూర్చుని మీరూ తాగండి. మీ ఆచారానికి దెబ్బ తగిలిందనిపిస్తే తలుపు వేసుకుని ఎన్ని దండాలైనా పెట్టుకోండి. ఆ మనిషి చేత మాత్రం పెట్టించకండి.