బావగారు వెచ్చబెట్టి ఉంచిన కారు

మా బావగారు పోయారు. ఈ మాట ఇప్పటికి చాలామందికి ఫోన్లో చెప్పాను గాని, రాయడం ఇదే మొదటిసారి. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి పొద్దున లేవలేదని, వాళ్లుండే ప్లెయిన్స్‌బరో నుంచి అక్క ఫోన్ చేసినప్పుడు, మోరిస్‌విల్‌లో మా ఇంట్లో నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. అప్పటికి ఇంకా మంచు పడలేదు. ఆయన మాత్రం చలికాలానికి కారు సిద్ధం చేసేశారు.

ఆ పనంటే ఆయనకి సరదా. ఆకులు రాలడం మొదలైతే చాలు, టైర్లలో గాలి చూసేవారు, వైపర్లు మార్చేవారు, అద్దం కడిగే నీళ్ల డబ్బాలో గడ్డకట్టని నీలం లిక్విడ్ పోసేవారు. డిక్కీలో పార, దుప్పటి, మరమరాల డబ్బా, వాటి పక్కన పెంపుడు పిల్లుల కోసం అమ్మే ఇసుక మూట. చక్రం మంచులో కూరుకుపోతే దాని కింద చల్లడానికి. ఇంట్లో పిల్లి లేదు. షాపులో అమ్మాయి మీ పిల్లి పేరేంటని అడిగితే అక్క పేరు చెప్పి వచ్చానని నవ్వేవారు. ఆ పూట అక్క ఆయనతో మాట్లాడలేదు.

అక్క ఈ దేశానికి కొత్తగా వచ్చిన ఏడాది, అద్దం మీద గడ్డకట్టిన మంచు కరుగుతుంది కదా అని గిన్నెడు మరిగే నీళ్లు పోసింది. అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. బావగారు వచ్చి చూసి, "దీనికి తలంటు పోశావా?" అన్నారట, అంతే. అప్పట్నుంచి మంచు పడిన రోజున అక్కని కారు నడపనివ్వలేదు. ఆయనది ఇంటి నుంచి చేసే ఉద్యోగమే. అయినా బూట్లు వేసుకుని, తనే వెళ్లి అక్కని ఆఫీసులో దింపి వచ్చేవారు.

నాకు మాత్రం నేర్పారు. ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లి, కావాలనే కారు జారనిచ్చారు. నేను బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాను. "మంచు మీద గద్దిస్తే వినదోయ్, బతిమాలుకోవాలి" అన్నారు. మనుషులతో కూడా ఆయన అలాగే ఉండేవారు. నాకు అది ఇప్పటికీ చేతకాదు.

కర్మలన్నీ అయ్యాక నేను అక్క దగ్గరే ఉండిపోయాను. ఒక్కతే ఈ చలికాలం ఎలా గడుపుతుందన్నదే నా దిగులు. పై సోమవారం నుంచి తను ఆఫీసుకి వెళ్లాలి. "జాబ్ మానెయ్ అక్కా, ఇల్లు అమ్మేసి నాతో వచ్చెయ్" అన్నాను. అక్క లేచి కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఆ వారమే మొదటి మంచు పడింది. పొద్దున్నే బయట సన్నగా హోరు వినిపించి కిటికీ తెర తీశాను. ఇంటి ముందు డ్రైవ్‌వేలో బావగారి ఎలక్ట్రిక్ కారు ఆన్ అయి ఉంది. లోపల ఎవరూ లేరు. ముందు అద్దం మీద మంచు కరిగి, పెళ్లలుగా జారుతోంది. గబగబా కిందికి దిగాను.

అక్క వంటింటి కిటికీ దగ్గర కాఫీ పట్టుకుని నిలబడి ఉంది.

"మీ బావ పెట్టిన టైమర్‌రా. నేను ఆఫీస్‌కి బయల్దేరే టైముకి దానంతట అదే హీట్ అవుతుంది. చలి మొదలవకముందే సెట్ చేసేస్తారు."

"ఆఫ్ చేసేద్దామా? నాకు భయంగా ఉందక్కా."

"నాకూ ఉంది. ఉండనీ."

ఆ తర్వాత రోజూ అంతే. ఆయన లేని ఇంటి ముందు ఆయన వెచ్చబెట్టిన కారు. కాసేపు చూసి, ఎవరూ రాకపోతే తనే ఆగిపోయేది. అది ఆగిపోవడాన్ని నేను భరించలేకపోయేవాణ్ణి.

సోమవారం మళ్లీ మంచు. కారు ఆన్ కాగానే అక్క కోటు వేసుకుని వెళ్లి, అలవాటు కొద్దీ పక్క సీట్లో కూర్చుంది. బెల్టు కూడా పెట్టుకుంది. అలా ఖాళీ డ్రైవర్ సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను బూట్లు వేసుకుని వెళ్లేసరికి, దిగి కారు చుట్టూ తిరిగి డ్రైవర్ వైపుకి వస్తోంది.

"నేను దింపుతాను" అన్నాను.

"ఎన్నాళ్లు దింపుతావ్‌రా? లోపలికి వెళ్లు, చలి."

డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దాలు తన ఎత్తుకి సరిచేసుకుంది. సీటు ముందుకి జరుపుకుంది. కారు మెల్లగా వెనక్కి వచ్చి, వీధి చివర మలుపు తిరిగింది.

డ్రైవ్‌వేలో అది నిలిచి ఉన్నంత మేర నేల నల్లగా, పొడిగా కనిపించింది. ఆ కాస్త చోటూ అలాగే ఉండిపోతే బాగుండుననిపించి అక్కడే నిలబడ్డాను. చూస్తుండగానే దాని మీద కూడా మంచు పడింది.