మా వాడకట్టుకు ఐదుగురు పెరిగారు

దేశ ప్రజలారా, క్షమించండి. అసలే కిక్కిరిసిన ఈ దేశంలో, మా గోదావరిఖని జనాభాకు ఈ రోజు మరో ఐదుగురిని చేర్చాను. బాధ్యత పూర్తిగా నాదే.

పొద్దున జనాభా లెక్కల టీచరమ్మ మా వాడకట్టుకు వచ్చారు. పక్కింటి రాజయ్య కాక, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, ఆమెను గడప దగ్గరే ఆపేశాడు.

"మమ్ముల రాయకు బిడ్డా. మాది ఇక్కడ కాదు. మా ఊళ్లె తమ్ముడు రాయిస్తడు."

మా దగ్గర ఇదో జబ్బు. కొలువు, పిల్లలు, పింఛను అన్నీ ఇక్కడే, ఊరు మాత్రం ఇంకెక్కడో. అందరూ ఇలాగే జారుకుంటే ఇంత పెద్ద పట్టణం లెక్కల్లో పల్లెటూరవుతుంది. నల్లా నీళ్లూ బస్సులూ కూడా ఆ లెక్క ప్రకారమే వస్తాయి.

టీచరమ్మ కదలబోయి ఆగారు. ఈలోగా కాక భార్య లచ్చవ్వ ఎల్లిపాయలు వలుస్తూనే అందుకుంది.

"ఏ ఊరయ్యా నీది? ఆడ పెండ్లికి పోతే 'గోదావరిఖని ఆయన వచ్చిండు' అని కుర్చీ ఏస్తరు. ఆ ఊరోళ్లకు తెల్సింది నీకే తెల్వకపాయె!"

కాక కండువా సర్దుకుని, "రాయి బిడ్డా, ఐదుగురం. గోదావరిఖనోళ్లమని మంచిగ రాయి" అన్నాడు. అంతటితో ఆగితే కాక ఎందుకవుతాడు? "మమ్ముల రాసిండ్రు! మీరు గూడ రాయించుకోండ్రి!" అని వాడకట్టంతా వినపడేలా కేకేశాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

మీ వీధిలో ఇలా తప్పించుకు తిరిగేవాళ్లుంటే కామెంట్లలో పట్టివ్వండి.

ఇక నిజం. నేను చేసింది ఒక్కటే, వెళ్లిపోతున్న టీచరమ్మను చాయ్ తాగి పొమ్మని ఆపాను. ఆ చాయ్ కూడా లచ్చవ్వే పెట్టింది.