దువ్వాడ దాటని పీడీఎఫ్

బావ, ముందు రెండు టీలు చెప్పు. నిన్న సాయంత్రం నుంచి మా ఇంట్లో నా పేరు మారిపోయింది. మా ఆవిడ సుజాత "ఏవండీ" అనడం మానేసి "దువ్వాడ" అంటంది. ఎందుకంటావా? చెప్తాను గానీ, నవ్వకూడదు మరి.

నిన్న మా మామగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆయన ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లోనే చేసి రిటైరయ్యారు. సర్వీసంతా షిఫ్ట్ బస్సు ఒక్కసారి కూడా మిస్సవలేదట. నానేమో మా పెళ్లి రిసెప్షన్‌కే లేటుగా వెళ్లినోణ్ని. అప్పట్నుంచీ ఎవరడిగినా ఆయనది ఒకటే మాట: "అల్లుడు మంచోడేనండి, టైముకి నమ్మలేం." ఆ మాట నాకు గుచ్చుకుంటాది బావ. ఈసారి ఆయన రైలు దిగేసరికి ఎదురుగా నిలబడాలి, ఆ సూట్‌కేసు నానే అందుకోవాలి అనుకున్నాను. మధురవాడలో ఆఫీసు నుంచి ముందే బయల్దేరిపోయాను. ఆ ట్రాఫిక్‌లో బండి మీద ఒళ్లంతా చెమట, అయినా టైముకి ముందే వైజాగ్ స్టేషన్‌కి చేరాను!

మెయిన్ గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్లో చూస్తే, ట్రైన్ దువ్వాడలో ఉంది, అంటే ఇంకాసేపట్లో వైజాగ్ వచ్చేస్తాది. ఇంతలో సుజాత ఫోన్.

"నాన్న ఫోను స్విచ్చాఫ్ వస్తంది. ట్రైన్ ఎక్కడుందో పంపండి. లింకు వద్దు, ఇక్కడ నెట్ సరిగా లేదు, తెరుచుకోదు."

ఇక్కడే నా తెలివి చూపించాను. వెబ్‌పేజీని ఫోన్లోనే పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవడం ఈమధ్యే ఆఫీసులో ఒకాయన నేర్పాడు. షేర్ నొక్కు, ప్రింట్ నొక్కు, సేవ్ యాజ్ పీడీఎఫ్. అంతే! నేర్చుకున్న దగ్గర్నుంచి కనబడిన పేజీ కనబడినట్టు సేవ్ చేస్తన్నాను. కాకరకాయ వేపుడు నుంచి మోకాళ్ల నొప్పుల చిట్కాలదాకా అన్నీ ఉన్నాయి నా దగ్గర. ఆ ట్రైన్ పేజీ కూడా అలాగే సేవ్ చేసి సుజాతకి పంపాను. సరిగ్గా వచ్చిందో లేదోనని ఆ ఫైలు నానూ తెరిచాను.

ఇక అప్పట్నుంచీ నాను చూస్తన్నది ఆ ఫైలే. అచ్చం పేజీలాగే ఉంది బావ, ఎలా పోల్చుకుంటాను?

వేలితో కిందకి లాగాను. కాస్త కదిలి ఆగింది. దువ్వాడ. రిఫ్రెష్ అయిందనుకున్నాను. టీ తాగి మళ్లీ లాగాను. దువ్వాడ! వేరే ఊరోడైతే అనుమానపడేవాడేమో. మనం వైజాగోళ్లం కదా, దువ్వాడలో బండి సిగ్నల్ కోసం కాసేపు నిలబడ్డం మనకేం కొత్త?

పక్కన భీమిలి నుంచి వచ్చిన ఒకాయన నిలబడున్నాడు. ముక్కూమొహం తెలీదు, అయినా మనవైపు అందరం బావలమే కదా. "బావ, ఆ బండికే మా సిన్నాన్న వత్తన్నాడు. ఆయనకి ఫోన్ లేదు. ఎక్కడుందేటి?"

"దువ్వాడ," అన్నాను ఠక్కున.

అంతలో లోపల మైకులో ఏదో చెప్పారు. ఆయన కదలబోయాడు. "మన బండేమో బావ?"

"ఉండు బావ, అక్కడ గంటకి వంద బళ్లు చెప్తారు. ఇదిగో, లైవ్!" అని నంబరు అడిగి మరీ ఆ పీడీఎఫ్ ఆయనకీ పంపాను. పాపం, నాకు టీ కూడా ఇప్పించాడు.

చీకటి పడబోతోందనగా సుజాత నంబరు నుంచి ఫోన్. ఎత్తితే మామగారి గొంతు!

"ఏటి అల్లుడూ, ఎక్కడున్నావ్?"

"స్టేషన్లోనే ఉన్నాను మామయ్యగారూ! కంగారు పడకండి, మీ బండి ఇంకా దువ్వాడలోనే ఉంది."

"నాను ఇంటికొచ్చీసి, తానం సేసీసి, టీ తాగుతన్నాను బాబూ."

నా నోటికి బుద్ధుండాలా! "లేదు మామయ్యగారూ, మీరు దువ్వాడలోనే ఉన్నారు. కావాలంటే చూపిస్తాను" అన్నాను. పక్కన సుజాత పకపకా నవ్వడం వినబడ్డాక గానీ నాకు వెలగలేదు.

ఎదురుగా ఎవరూ కనబడక, ఫోన్‌లో చార్జింగ్ లేక, ఆయన స్టేషన్ వెనక జ్ఞానాపురం వైపు గేటు నుంచి బయటికొచ్చి ఆటో ఎక్కేశారట. ఆ సూట్‌కేసు ఆయనే మోసుకుని! సిగ్గుతో చచ్చిపోయాననుకో. బండి ఎలా తోలానో తెలీదు, ఇంటికొచ్చి పడ్డాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీ చూపించి, "కూకో బాబూ, దువ్వాడ నుంచి వచ్చీసరికి అలిసిపోయుంటావ్" అన్నారు.

అన్నంలో చెయ్యి పెట్టానో లేదో ఫోన్ మోగింది. భీమిలాయన! ఆ కంగారులో ఆయనకి ఒక్క ముక్క చెప్పకుండా వచ్చేశాను బావ. నా చెయ్యి ఖాళీ లేదని సుజాత స్పీకర్ నొక్కేసింది.

"బావ, ఏటి నువ్వు కనబడ్డం లేదు? మా సిన్నాన్న ఇంటికి ఒచ్చీసినాడని మావోల్లు ఫోన్ల మీద ఫోన్లు సేత్తన్నారు. నానింటానేటి! లైవ్ సూత్తన్నాను కదా, ఇంకా దువ్వాడే!"

మామగారు నా వంక చూసి, మెల్లగా అన్నారు:

"అల్లుడూ, ఇన్నాల్లకి టైముకి నిన్ను నమ్మిన మనిషి ఒకడు దొరికినాడు. ఆయన్నైనా ఎల్లి తీసుకొచ్చి, భీమిలి బస్సెక్కించు."

వెళ్లాను బావ. ఫోన్ మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్లాను.