గుండ్రంగా తిరగని రైలు

మా మామ పోయారన్న కబురు వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆఫీసు గదిలో ఫోనుందని పిలిస్తే సుద్దముక్క చేతిలో పట్టుకునే వెళ్లాను. "నాయన పోయినాడు. ఉన్నపళంగా బయల్దేరి రా" అన్నాడు మా ఆయన. చంద్రగిరిలో బస్సు పట్టుకుని చిత్తూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ సమయంలో ఆయన రైలుగదిలో ఒక్కరే ఉండి ఉంటారు.

మామ అంటే నా భర్తకు తండ్రి. చిత్తూరులో మోటార్లకు కాయిల్ చుట్టే షాపు నడిపినవారు. ఒంట్లో ఓపిక తగ్గి షాపు మూసేశాక, వెనక గదిలో రైలు కట్టుకున్నారు. బొమ్మరైలు అంటే ముఖం మాడ్చుకునేవారు. "బొమ్మ కాదు పాపా, సిన్న రైలు" అని దిద్దేవారు. పాత టేప్‌రికార్డరు మోటారుతో ఇంజను, నూనె డబ్బాల రేకుతో పెట్టెలు, విరిగిన గొడుగు కమ్ములతో పట్టాలు. నేను కోడలిగా అడుగుపెట్టేసరికే అది తిరుగుతోంది. మా అత్త అప్పటికే లేదు.

గది నాలుగు గోడల వెంట నడుమెత్తున చెక్కబల్ల, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఆయన స్టూలు. గుమ్మానికి అడ్డంగా కూడా పట్టాలు పోయేవి కాబట్టి మొదట్లో బల్ల కింద నుంచి దూరి లోపలికి వెళ్లేవారు. తర్వాత స్కూటరు మీంచి పడి తుంటి విరిగింది. ఎముక అతికింది గానీ వంగడం పోయింది. అప్పుడు గుమ్మం దగ్గరి బల్లను ముక్కగా కోసి, ఎత్తి తీసే పలకలా చేశారు. ఆ బరువు పలకను నేను తీస్తే ఆయన లోపలికి వెళ్లాలి. మళ్లీ నేను అమర్చి కొక్కేలు బిగిస్తే రైలు తిరగాలి. బయటికి రావాలన్నా నేనే.

మీలో ఎవరైనా ఒక కేక వినిపించేంత దూరంలోనే బతికారా? నేను బతికాను. పక్కింటి అరుగు మీద కూర్చున్నా చెవి ఇటే. తలంటుకుంటున్నప్పుడే సరిగ్గా "పాపా, పలక" అని వినపడేది. ఆయన లోపల ఇరుక్కుంటే నేను బయట ఇరుక్కున్నాను. ఆయనకు కనీసం చూసుకోవడానికి ఒక రైలుంది.

అలాంటి రోజుల్లో నాకు తిరుపతిలో బీఎడ్ సీటు వచ్చింది. మా ఆయన సంతోషపడ్డాడు, ఆ తర్వాత తల గోక్కున్నాడు. పాలకేంద్రంలో పని కాబట్టి తెల్లారకముందే పోయి పొద్దుగూకి వచ్చేవాడు. "సీటు వొచ్చింది బాగనే ఉండాది. నాయన్ను ఎవురు సూసుకుంటారు?" అన్నాడు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు, అదే నాకు ఒళ్లు మండించింది. ఎవరి మీద చూపాలో తెలియక ఆ కోపమంతా రుబ్బురోలు మీద చూపించాను.

ఆ వారంలోనే ఒకరోజు కిరసనాయిలు కోసం వెళ్లాను. పీపా రాలేదని గంటలకొద్దీ నిలబెట్టారు. వదిలేసి వస్తే ఆ నెలకు పొయ్యి వెలగదు. ఇల్లు చేరేసరికి వెనక గదిలో రైలు చప్పుడు లేదు. మామ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. పంచె తడిసిపోయింది. చూపు నేల మీద ఉంది. నేనేమీ గమనించనట్టు పలక తీసి, చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లాను. బాత్‌రూంకి మెట్లు దిగాలి. మెల్లగా దింపి నీళ్లు తోడిపెట్టి ఇవతలికి వచ్చాను. ఆయన ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. జాలితో కాదు. ఇద్దరం ఇలా ఎన్నేళ్లు అని.

మర్నాడు కాఫీ తాగి, "పాపా, అటక మింద రంపం ఉండాది, తియ్" అన్నారు. తీసిచ్చాను. తన రైలుదారిని తానే కోయడం మొదలుపెట్టారు. నాయన మనసు విరిగిపోయిందని మా ఆయన దిగులుపడ్డాడు. సాయంత్రానికి ఆ గది నేలంతా సుద్దగీతలు. కొత్త దారి గీస్తున్నారు. గుమ్మానికి ఎడమ పక్క చిత్తూరు, దూరపు మూలలో పాకాల, అక్కడి నుంచి చంద్రగిరి మీదుగా వచ్చి గుమ్మానికి కుడి పక్క తిరుపతి. గుమ్మం ముందు మాత్రం ఏ గీతా లేదు.

"మరి రైలు చుట్టు ఎట్లా తిరుగుతుంది మామా?" అన్నాను.

"తిరగదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. రైలు దాని పాటికది తిరుగుతుంటే కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తూ కూర్చోవడమే ఆయనకున్న ఒక్క సుఖం. "సుట్టూ తిరిగేది సూసేటోళ్లకు బాగుంటాది పాపా. ఎక్కినోళ్లు యాడికీ పోరు" అన్నారు, గీత చెరిపి మళ్లీ గీస్తూ.

కాలేజీలో చేరడానికి ఇంకా కొంచెం గడువుంది. ఆ గడువు లోపల పూర్తి చేయాలన్నది ఆయన పట్టు. పైకి అనలేదు గానీ ఆ తొందర చూస్తే తెలిసిపోయేది. పాత పేపర్లను పట్టాల కొలతకు కత్తిరించి బల్లల మీద పరిచి చూసేవారు. "కాగితం మింద తప్పు చేస్తే చింపేస్తే పోతాది. చెక్క మింద చేస్తే దినామూ దాని మొకం సూడాల" అనేవారు. చివర్లు రెండూ మూసుకుపోయిన దారి కాబట్టి, తిరుపతి చేరాక ఇంజను పెట్టెలను విడిచి పక్కపట్టా మీదుగా రెండో చివరకు రావాలి. అందుకు చోటు సరిపోక రెండు రోజులు కొలబద్ద పట్టుకుని తిరిగారు. పాకాల మూలలో వంపు మరీ ఇరుకై చివరిపెట్టె ప్రతిసారీ పడిపోయేది. పెట్టెను పొట్టి చేస్తే పోదా అన్నాను. "పెట్టెదేం తప్పు? మూలకు ఇంగొంచెం చోటియ్యాల" అని ఆ మూలలో బల్ల వెనక ఉన్న నా పెళ్లి బీరువాను బయటికి జరిపించారు. అది ఇప్పటికీ వంటింట్లో ఉంది.

చంద్రగిరి కొండ నా పని. గోనెసంచిని మైదా జిగురులో ముంచి, రంపపు పొట్టు అద్ది, పైన చిన్న కోటతో ముచ్చటగా నిలబెట్టాను. తెల్లారి చూస్తే ఎలుకలు కోటతో సహా తినేశాయి. మామ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, జిగురులో మైలుతుత్తం కలపమన్నారు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

గడువు దగ్గరపడిన ఒక ఆదివారం కొడుకును పిలిచి కూర్చోబెట్టారు. చిత్తూరులో రైలు కదిలింది, పాకాలలో ఆగింది, కొండ పక్కనుంచి తిరుపతి చేరింది. ఇంజను విడిపోయి, పక్కపట్టా మీదుగా వచ్చి రెండో చివర తగులుకుంది. అప్పుడు మామ కర్ర అందుకుని స్టూలు మీంచి లేచి, గుమ్మం దాటి, ముందుగదిలోకి నడిచి తన కుర్చీలో కూర్చున్నారు.

"సూసినావా అప్పా. నన్ను తీసే పనీ లేదు, పెట్టే పనీ లేదు. పాపను పంపించు."

మా ఆయన లేచి తనూ ఆ గుమ్మం దాటి వచ్చాడు. "సరే నాయనా" అన్నాడు.

అలా నేను పొద్దుటి రైలెక్కాను. బీఎడ్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఈ రోజు నలుగురు పిల్లలు నన్ను టీచరమ్మా అంటున్నారంటే ఆయన తీసేసిన ఆ పలక వల్లే. పొద్దున వెళ్లే ముందు స్టూలు పక్కన కిటికీలో చెంబు నిండా నీళ్లు మూతపెట్టి ఉంచేదాన్ని. తిరిగొచ్చేసరికి చెంబు ఖాళీ. "తాగినారా మామా?" అంటే "తాగినా పాపా" అనేవారు. నేను రాగానే మెట్లు దిగడానికి నా చెయ్యి పట్టుకునేవారు. రోజంతా బాత్‌రూంకి తనంతట తానే వెళ్తున్నారు, అలసిపోయిన సాయంత్రం మాత్రం తోడు కావాలేమో అనుకునేదాన్ని.

కర్మలు ముగిశాక పక్కింటి అక్క నా పక్కన కూర్చుంది. "మీ మామ నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. ఇప్పుడు సెప్తే తప్పులేదు" అంది. "నువ్వు పోతానే ఆ నీళ్లు కిటికీలోనుంచి కింద ఉండే కనకాంబరాలకు పోసేస్తాడు. ఏందన్నా ఇది అని అడిగితే, ఆ మెట్లు ఒక్కన్నే దిగలేనమ్మా, తాగకుంటే పనే ల్యాకుండా పోతాది అనినాడు. నువ్వొచ్చినాకనే గొంతు తడుపుకునేది."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద అంత కోపం రాకూడదేమో, వచ్చింది. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక ఇనపకమ్మీ పాతించమంటే ఒక్క పూట పని. అడిగితే ఒక్కరే దిగలేరని తెలిసిపోయి నేను కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంటానని భయపడి ఉంటారు. గుమ్మం తెరిచే ఉంది. నేను దాంట్లోనుంచి వెళ్లాను, ఆయన ఎండాకాలం పగళ్లన్నీ ఎండిన గొంతుతో ఆ స్టూలు మీదే ఉన్నారు.

ఆ కనకాంబరాలు పక్కింటి అక్క పోసే నీళ్లతో పెరుగుతున్నాయనే అనుకున్నాను. రోజూ వాటినే మాల కట్టుకుని జడలో పెట్టుకుని బడికి వెళ్లేదాన్ని. నిన్న సాయంత్రం బడి నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా దొడ్లోకి వెళ్లి చూశాను. ఆకులు వాలిపోయి ఉన్నాయి. కిటికీ కింద మట్టి ఎండి, నెర్రెలు విచ్చింది.