వీధి వీధిగా కొత్త లైను

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వేసవి మొదట్లో, విద్యుత్ శాఖలో ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరుగా, నన్ను నగరికి దగ్గర్లోని ఒక మరమగ్గాల ఊరికి వేశారు. నేతవీధుల్లో పాత స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు మార్చడం నాకు అప్పగించిన పని. వర్షాలకు ముందే పూర్తి కావాలి.

పని పథకం నేనే వేశాను. ముందు ఊరంతా స్తంభాలు, తర్వాత ఊరంతా తీగలు, చివర ట్రాన్స్‌ఫార్మర్లు. సామాను తెప్పించుకోవడానికి అది అనుకూలం. పై అధికారులూ సరేనన్నారు.

స్తంభం ఎక్కాలంటే ముందు ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. ఆ లైనుకు సరఫరా ఆపామని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి అది. తీసుకున్నవాడు తిరిగి అప్పగించేదాకా ఎవరూ స్విచ్చి వేయకూడదు. అందువల్ల రోజూ పగలు మగ్గాలు ఆగేవి. స్తంభాలన్నీ లేచాయి కానీ ఒక్క వీధికీ కొత్త లైను రాలేదు. లైన్ ఇన్‌స్పెక్టర్ మునిరత్నం హుషారైన మనిషి. అతని ముఠా కూడా ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అడిగితే, “దినామూ తిట్లు తింటాండాం మేడమ్. ఇదిగో అయిపోయిందని చూపించేదానికి ఒక్క వీధి లేదు,” అన్నాడు.

ఒక మధ్యాహ్నం సబ్‌స్టేషన్ నుంచి ఫోన్. కరెంటు వేయమని నేతపనివాళ్లు ఆపరేటర్‌ను చుట్టుముట్టారు. మా మనుషులిద్దరు అప్పుడు స్తంభాల మీద ఉన్నారు. దారిలోనే మునిరత్నానికి ఫోన్ చేసి వాళ్లను దించమన్నాను. నేను చేరేసరికి ఆపరేటర్, స్విచ్చిలున్న గది తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

అందరికన్నా ముందున్న కుప్పమ్మ కూలికి మగ్గం నడిపే మనిషి. “మగ్గం ఆడితేనే కదమ్మా మాకు కూలి? ఎప్పటికి అయిపోతాదో అదన్నా చెప్పండి,” అంది.

వర్షాలకు ముందు అన్నాను.

“ఊరి సంగతి కాదమ్మా. మా వీధికి ఎప్పుడు?”

నా పథకంలో వీధికో తేదీ అంటూ లేదు. మనుషులు దిగి లైన్ క్లియర్ అప్పగించాక సరఫరా ఇప్పించి, వీధుల వారీగా తేదీలు రాస్తానని చెప్పాను.

ఆ సాయంత్రమే మునిరత్నాన్ని కూర్చోబెట్టుకుని పథకం తిరగరాశాను. ఒక వీధిలో తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, ఇళ్ల కనెక్షన్లు అన్నీ ముగించాకే పక్క వీధి. కరెంటు ఏ రోజుల్లో ఆగుతుందో, ఏ సాయంత్రం కొత్త లైను మీద వస్తుందో రాసి ప్రతి వీధి మొదట్లో అంటించాం. మగ్గం ఆపి చేయాల్సిన, పడుగు నూలు మార్చే పని ఆ రోజులకే పెట్టుకుంటామని కుప్పమ్మ వాళ్లు ఒప్పుకున్నారు. లారీ ఎక్కువసార్లు తిరగాలని పై అధికారి అభ్యంతరం చెప్పారు. ఒక్క వీధి చూశాక నిర్ణయించమని అడిగాను.

ఆ మొదటి వీధికే అనుకున్న రోజు ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. మునిరత్నం వెళ్లి తేదీ కొట్టేసి, కొత్తది రాసి, కారణం చెప్పి వచ్చాడు. తిట్లు తప్పలేదు. అయినా ఎవరూ సబ్‌స్టేషన్‌కు పోలేదు. మర్నాటి సాయంత్రం స్విచ్చి వేయగానే మగ్గాలు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. ముఠావాళ్లు సామాను సర్దడం ఆపి వింటూ నిలబడ్డారు. కుప్పమ్మ గడపలోకి వచ్చి, “మోటారు ఈడ్చకుండా తిరగతాండాదబ్బా. రాండి, మజ్జిగ తాగి పోండి,” అని పిలిచింది.

మరుసటి పొద్దున నేను వెళ్లేసరికే ముఠా పక్క వీధిలో లైన్ క్లియర్ కోసం ఎదురుచూస్తోంది.

ఆ మొదటి వీధి చూశాక పై అధికారీ సరేనన్నారు. చివరి రెండు వీధులు మాత్రం వర్షాల్లోకి జరిగాయి. ఆలస్యానికి సంజాయిషీ రాసి ఇచ్చాను. ఆ తర్వాత ఏ పనికి పథకం వేసినా, మొదట ఏ ముక్క పూర్తయి వాడకంలోకి వస్తుందో చూసుకున్నాకే ఆఖరి తేదీ రాశాను. పనివాళ్లు మర్నాడు ఇష్టంగా రావడం చాలావరకు ఆ ముక్క మీదే ఆధారపడుతుంది.